ఆంగ్లశాస్త్రరచనాధ్యాపనము - దేశాంతరవిద్యాపీఠముల సాహచర్యము

శాస్త్రవిషయములను ఆంగ్లభాషలో వ్రాయు విధానమును బోధించుట నేఁడు పెక్కు విశ్వవిద్యాలయములలో నొక ప్రత్యేకవిద్యగా నేర్పడియున్నది. ఆంగ్లము మాతృభాషయైన దేశములలోనే కాదు, ఇటలీ, ఫిన్లాండు, చైనా మొదలగు దేశములలోఁ గూడఁ బరిశోధకుఁడు తాను గనుఁగొనిన దానిని దూరదేశస్థులకుఁ దెలుపఁగోరినచో ఆంగ్లమున వ్రాయక తీఱదు. ఈ యక్కఱను దీర్చుటకై వేఱువేఱు దేశముల విద్యాపీఠములు కలిసి పాఠములు నడపు నాచారము కొన్ని దశాబ్దములనుండి ప్రబలినది. ఇట్టి సాహచర్యమును బ్రశంసించుట సులభము. అందు నేర్పఁబడునది యేది, నేర్పువారెవరు, నేర్చువారెవరు అని పరీక్షించుట మాత్ర మావశ్యకము.

ఈ విచారముతో సంస్కృతాంధ్రములు బోధించు పండితులకేమి సంబంధమని యడుగవచ్చును. సంబంధము కలదు. పాఠశాలలో వారియొద్ద వాక్యరచన నేర్చిన బాలుఁడే కొన్ని యేండ్లకు విశ్వవిద్యాలయమున ఆంగ్లమునఁ బరిశోధనవ్యాసమును వ్రాయవలసినవాఁ డగుచున్నాఁడు. వాని రచన తిన్ననిది కాదనియుఁ జుట్టుతిరుగుడుగా నున్నదనియు నుపాధ్యాయుఁ డనినప్పుడు, ఆ దోషము తన యభ్యాసలోపమువలనఁ గలిగినదా, తన భాషవలనఁ గలిగినదా యని వానికి సంశయము కలుగును. భాషవలననే కలిగినదని వాఁడు నమ్మినచో, ఆ భాషలో శాస్త్రము వ్రాయవచ్చునను విశ్వాసమునే కోలుపోవును. కాఁబట్టి యీ సంశయమును దీర్చుట భాషోపాధ్యాయులందఱకును గర్తవ్యము.

భాషయే దోషమునకు మూలమను వాదమునకుఁ బ్రసిద్ధమైన యాధారము 1966లో రాబర్టు కాప్లాను 'లాంగ్వేజ్ లెర్నింగ్' అను పత్రికయందుఁ బ్రకటించిన వ్యాసము. అన్యభాషీయులగు విద్యార్థులు ఆంగ్లమున వ్రాసిన కొన్ని వందల రచనలను జూచి, యొక్కొక్క భాషావర్గమువారి యాలోచనాక్రమ మొక్కొక్క తెఱఁగున నుండునని యతఁడు నిర్ణయించెను. ఆ క్రమములను రేఖలతోఁ జిత్రించి చూపెను. ఆంగ్లేయభాషీయుల యాలోచన పైనుండి క్రిందికి దిగు తిన్నని గీఁత. ప్రాచ్యులది లోనికిఁ జుట్టుకొనుచుఁ బోవు వలయము. తక్కిన వర్గములకు వంకర గీఁతలు, తెగినగీఁతలు. ఆ చిత్రములు చూచుటకు సులభములు, జ్ఞాపకముంచుకొనుటకు మఱియు సులభములు. అందువలననే యవి యుపాధ్యాయశిక్షణగ్రంథములలోనికిఁ బ్రవేశించి చిరకాలము నిలిచినవి.

ఈ వాదమున దోషములు మూఁడు గలవు. మొదటిది హేతుదోషము. పరీక్షింపఁబడినవి పరభాషలో విద్యార్థులు వ్రాసిన రచనలు గాని, తమతమ భాషలలోఁ బ్రౌఢులు వ్రాసిన గ్రంథములు గావు. ఈఁత నేర్చుకొనువాఁడు నీట వంకరగాఁ బోవుచున్నాఁడు గనుక నేలమీఁద వాని నడకయు వంకరయే యని చెప్పుట యెట్టిదో, యిదియు నట్టిదే. రెండవది యతివ్యాప్తి. ప్రాచ్యమను నొక్క పేరు విన్నవారు, తమ్మునుగూర్చియు నీ మాట చెప్పఁబడినదని యనుకొనుటకు వీలగుచున్నది. ఒకదానితోనొకటి సంబంధములేని యెన్నియో భాషలకు నొక్క చిత్రము సరిపోవునని నమ్మఁదగదు. మూఁడవది యవ్యాప్తి. ఆంగ్లమున వ్రాసిన ప్రసిద్ధవ్యాసకర్తలలోనే విషయమునుండి తొలఁగి, చుట్టివచ్చి, మరలఁ జేరుకొనువారు పెక్కుమంది గలరు. తిన్నని గీఁత యాంగ్లభాష స్వభావము గాదు. పాఠశాలలో నేర్పఁబడు నొకానొక సమయము. కాప్లాను 1987లో నీ విషయమును మరలఁ జర్చించి, తొలుత వాదమును మితిమీఱి చెప్పితినని తానే యంగీకరించెను. కాని గ్రంథకర్త సడలించిన ముడిని శిష్యపరంపర యంత త్వరగా సడలింపదు.

దీనికిఁ బ్రతియైన మార్గమును జూపినవాఁడు జాన్ స్వేల్సు. ఇతఁడు 1970 తరువాతి దశకమున సూడానుదేశములోని ఖార్టూము విశ్వవిద్యాలయమున అరబ్బీభాషీయులగు విద్యార్థులకు ఆంగ్లము బోధించి, పిమ్మట ఇంగ్లాండునందలి ఆస్టను విశ్వవిద్యాలయమునకు వచ్చెను. అచ్చట 1981లో 48 పరిశోధనవ్యాసముల యుపోద్ఘాతములను బరిశీలించి, వాని నిర్మాణమును వివరించెను. విద్యార్థుల తప్పులనుండి కాక, పండితులు వ్రాసి ప్రకటించిన లక్ష్యములనుండి లక్షణమును దీయుట యీతని విశేషము. లక్ష్యము ముందు, లక్షణము వెనుక అను న్యాయము వైయాకరణులకుఁ గ్రొత్తది గాదు. ప్రయోగమును జూచి సూత్రము వ్రాయవలెను గాని, సూత్రము వ్రాసి ప్రయోగమును దానికి లోఁబఱుపరాదు.

స్వేల్సు మొదట ఉపోద్ఘాతమున నాలుగు పాదన్యాసములు గలవని చెప్పెను. అందు మొదటిదియగు క్షేత్రనిరూపణమును, రెండవదియగు పూర్వపరిశోధనసంగ్రహమును విడఁదీయుట కష్టమని తేలఁగా, 1990లోఁ గేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముద్రణాలయము ప్రకటించిన 'జానర్ అనాలిసిస్' అను గ్రంథమున వానిని మూఁటిగాఁ దీర్చెను. విషయక్షేత్రమును స్థాపించుట మొదటిది. ఆ క్షేత్రమున మిగిలిన కొఱఁతను జూపుట రెండవది. ఆ కొఱఁతను దాను బూరించుట మూఁడవది. తన సూత్రమును దానే సవరించుకొనుట యీ గ్రంథకర్తకు భూషణము. సూత్రము వెలువడిన పిమ్మట వార్తికము పుట్టుట శాస్త్రమునకు జీవలక్షణము గదా.

ఈ మూఁడు పాదన్యాసములను జూచిన పండితునకు మనశాస్త్రములలోని యనుబంధచతుష్టయమును, అధికరణపంచకమును స్ఫురింపక మానవు. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను నాలుగును గ్రంథారంభమునఁ జెప్పవలెనను నియమము మనవారికిఁ జిరపరిచితము. విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి యను నైదంగములతో వాదమును నడపుట మీమాంసకుల మార్గము. గ్రంథరచనకే ప్రత్యేకించి యుపదేశింపఁబడిన తంత్రయుక్తులు అర్థశాస్త్రము కడపటి యధ్యాయమున 32 లెక్కింపఁబడినవి. ఇట్టి సంపద గల జాతివారి యాలోచన వలయాకారమని తలవంచి యొప్పుకొననక్కఱలేదు.

అట్లని యన్నియు మనశాస్త్రములలోనే కలవని తృప్తిపడుటయుఁ దగదు. సాదృశ్యము కలదన్నమాత్రమున నభేదము సిద్ధింపదు. పూర్వపక్షమును జెప్పువాఁడు పరుని మతము తప్పని యుక్తులతో ఖండించును. స్వేల్సు చెప్పిన రెండవ పాదన్యాసమున ఖండనము తప్పనిసరి కాదు. పూర్వులు చెప్పినదంతయు సత్యమే కావచ్చును, ఐనను వారు చెప్పక విడిచినది యొకటి యుండవచ్చును. దానిని జూపుటయే చాలును. వార్తికకారులు చేయు ఉక్తానుక్తదురుక్తచింతలలో ననుక్తచింతయే దీనికిఁ జేరువయైనది. పూర్వపక్షమని చెప్పి దీనిని బోధించినచో శిష్యుఁడు పెద్దలను ఖండింపవలసియున్నదని బెదరును, లేదా యకారణముగా ఖండించును. అనుక్తచింతయని బోధించినచో నిజమైన పని తెలియును. పారిభాషికపదము నొకదానిని సరిగా నెన్నుకొనుటవలన నింత భేదము కలుగును.

మఱియొక భేదము దీనికంటె ముఖ్యమైనది. సూత్రకారునకు నర్ధమాత్రాలాఘవము గౌరవాస్పదము. ఏలయన, సూత్రమును విను శిష్యుఁడు గురువు నెదుటఁ గూర్చుండియుండును. తెలియని దానిని గురువు విప్పిచెప్పును. వృత్తియు భాష్యమును వెంట నుండును. పత్రికలోని వ్యాసమునకో, చదువరి సముద్రమునకు నావలనుండు నపరిచితుఁడు. వాని సంశయమును దీర్చుటకు రచయిత యచ్చట నుండఁడు. కాఁబట్టి యట్టి వ్యాసము తనకుఁ దానే భాష్యము కావలెను. రచనావిధానములలోని భేదమునకుఁ గారణము జాతిస్వభావము గాదు, చదువరికిని రచయితకును నడుమనున్న దూరము. ఇది గ్రహింపఁబడినచోఁ గాప్లాను గీఁతలతోఁ బనిలేదు.

ఆ దూరమునే బోధనసాధనముగాఁ జేసికొనిన యొక సాహచర్యము కలదు. 1999-2000 విద్యాసంవత్సరమున, అమెరికాలోని విస్కాన్సిన్-స్టౌట్ విశ్వవిద్యాలయమున సాంకేతికరచనను బోధించుచుండిన బ్రూస్ మేలాత్తును, బెల్జియములోని గెంటు నగరపు విద్యాపీఠమున ననువాదవిద్యను బోధించుచుండిన సోనియా వాండెపిట్టెయుఁ దమ శిష్యులను జంటపఱచిరి. అమెరికా విద్యార్థి యొక పనిని జేయు విధానమును ఆంగ్లమున వ్రాయును. గెంటు విద్యార్థి దానిని డచ్చిభాషలోనికిఁ బరివర్తించును. పరివర్తించునపుడు తెలియని చోటులఁ బ్రశ్నలు వ్రాసి పంపును. మూలరచయిత బదులు చెప్పి, తన మూలమును సవరించును. ప్రతిదిశలో, ఐరోపీయవిద్యార్థి తన భాషనుండి ఆంగ్లమునకుఁ దెచ్చిన రచనను ఆంగ్లభాషీయుఁడు పరిష్కరించును. క్రమముగా ఇటలీలోని ట్రియెస్తె, ఫిన్లాండులోని వాసా, స్పెయిన్లోని కాటలోనియా సాంకేతికవిశ్వవిద్యాలయము మొదలగునవి చేరఁగా నిది ట్రాన్స్-అట్లాంటిక్ అండ్ పసిఫిక్ ప్రాజెక్టు అను పేరఁ బ్రసిద్ధమైనది. వాసాలోని విద్యార్థులు రచనను అనువాదమునకుఁ బూర్వమే చదువరులచేతికిచ్చి, దానినిబట్టి పని చేయింపఁ జూచి, యెచ్చట తడఁబడుచున్నారో కనిపెట్టుట మఱియొక మెట్టు.

ఈ యేర్పాటున మెచ్చఁదగినది, దోషమును జూపువాఁడు గురువు గాక యనువాదకుఁడగుట. ఒక యుదాహరణమున నిది స్పష్టమగును. ఆంగ్లసాంకేతికరచనలలో విభక్తిలేని నామపదములను వరుసగాఁ బేర్చుట పరిపాటి. న్యూ పంప్ కవర్ స్క్రూస్ అని వ్రాసినారనుకొనుఁడు. ఇందుఁ గ్రొత్తది యేది? పంపా, దాని మూఁతా, మూఁతను బిగించు మరలా? ఆంగ్లవాక్యము బదులు చెప్పదు. వ్రాసినవానికి సంశయము లేదు, ఏలయన నతఁడు వస్తువును జూచుచున్నాఁడు. ఇటలీభాషలోనికిఁ దెచ్చువానికి దాఁటిపోవ వీలులేదు. ఆ భాషలోఁ బంపు స్త్రీలింగము, మూఁత పుంలింగము, మరలు స్త్రీలింగబహువచనము. విశేషణము విశేష్యముయొక్క లింగవచనముల ననుసరింపవలెను గనుక, క్రొత్తయను పదమునకు నే రూపము వ్రాయవలెనో తెలిసికొనక కలము కదలదు. కావున నతఁడు ప్రశ్నించును. ఆ ప్రశ్నతో మూలరచయిత తన సమాసమునకు విగ్రహవాక్యము లేదని మొదటిసారి గ్రహించును.

వైయాకరణున కిది సామర్థ్యచర్చయే. సమాసమునకు వెలుపలి పదము సమాసములోని యే పదముతో నన్వయించునను ప్రశ్నమును మహాభాష్యము సమర్థాహ్నికమున విస్తరించి విచారించినది. వ్యాకరణాధ్యయనమునకుఁ బతంజలి చెప్పిన ప్రయోజనములలో నసందేహ మొకటి. ఆ యసందేహమును విస్కాన్సిన్ బాలునకు గెంటు బాలుఁడు నేర్పుచున్నాఁడు. ఆంగ్లము మాతృభాష గానివాఁడు ఆంగ్లము మాతృభాషయైనవానికి ఆంగ్లరచనలోని దోషమును జూపఁగలుగుట యీ సాహచర్యముయొక్క సారము. ఇచ్చట నుభయులును గురువులు, ఉభయులును శిష్యులు.

ఐనను గుణకథనముతోనే విమర్శ ముగియరాదు. ఈ యేర్పాటునఁ బ్రధానముగాఁ బరీక్షకు వచ్చునవి క్రియావిధానమును జెప్పు రచనలు. వానియందుఁ బదార్థమును వాక్యార్థమును దెలిసిన పని నెఱవేఱును. పరిశోధనవ్యాసమున నంతకుమించి మహావాక్యతాత్పర్యము కావలెను. ఏ మాట యెంత బలముగాఁ జెప్పవలెను, ఎవరి మతమును ముందుఁ బెట్టవలెను, ఎచ్చట నాఁగవలెను అనునవి యనువాదకుని ప్రశ్నలకు సులభముగా దొరకవు. మఱియు ననువాదసౌలభ్యమే రచనకుఁ బరమావధి యని బోధించినచో, భాషకు సహజమైన నుడికారము దోషముగా లెక్కింపఁబడును. ఈ మార్గముయొక్క హద్దులు తెలిసి దాని ననుసరింపవలెను.

వాదప్రధానమైన రచనయందు జాగ్రత్త యెంత యవసరమో థెరీసా లిల్లిస్, మేరీ జేన్ కరీ యనువారు 2010లోఁ బ్రకటించిన గ్రంథమువలనఁ దెలియును. స్లొవాకియా, హంగరీ, స్పెయిన్, పోర్చుగల్ దేశములలోని 50మంది పండితుల రచనలను వారు ఎనిమిదేండ్లపాటు వెంబడించి చూచిరి. ఒక వ్యాసము చిత్తుప్రతినుండి ముద్రణమువఱకుఁ బోవులోపల మిత్రులు, అనువాదకులు, సంపాదకులు, పరీక్షకులు దానిపైఁ జేయివేయుదురు. వీరి సవరణలు వ్యాకరణముతో నాఁగవు. కొన్ని చోటుల వ్యాసకర్త ప్రతిపాదించిన విషయముయొక్క ప్రాధాన్యమే మాఱిపోవును. భాషను దిద్దెదమని వచ్చినవారు సిద్ధాంతమును దిద్దిపోవుట సాహచర్యమున నుండు నపాయము. మాటను దిద్దుటకు నర్థము నెఱుఁగుట యావశ్యకము, అర్థమును మార్చుటకు మాత్రము వ్యాసకర్త యనుమతి యావశ్యకము.

రచనానైపుణ్యమొక్కటియే చాలదని చూపినవాఁడు శ్రీలంకలోని యాళ్పాణమున, అనఁగా జాఫ్నా విశ్వవిద్యాలయమున బోధించిన సురేశ్ కనగరాజ. ఇతఁడు 2002లోఁ బ్రకటించిన 'ఏ జియోపాలిటిక్స్ ఆఫ్ అకడమిక్ రైటింగ్' అను గ్రంథమున యుద్ధకాలమున నచ్చటి పండితులు పడిన పాట్లను వర్ణించెను. వ్రాయుటకుఁ గాగితము కఱవు. క్రొత్తపత్రికలు చేతికందవు. తపాలా కుంటుపడినది. పత్రికలవారు కోరినన్ని ప్రతులను గోరిన తీరున సిద్ధపఱచి పంపుటయే యొక తపస్సు. ఇట్టివారి వ్యాసమునఁ బూర్వపరిశోధనసంగ్రహము కొఱఁతపడినచో, దానికి రచనాభ్యాసలోపము కారణమని చెప్పు పరీక్షకుఁడు హేత్వాభాసమునఁ బడినవాఁడే. పుస్తకములు లేనివానికి నుపోద్ఘాతము వ్రాయు పద్ధతిని మాత్రము నేర్పి పంపుట, బియ్యము లేనివానికి నన్నము వార్చుట నేర్పినట్లుండును. దేశాంతరవిద్యాపీఠములు పాఠములతోఁ బాటు గ్రంథభాండారములను గూడఁ బంచుకొనవలెననుట యిందువలననే.

ఈ చర్చయంతయుఁ దెలుఁగుదేశమునకుఁ బరాయి గాదు. హైదరాబాదునగరమున 1917లో నుర్దూభాషలోనికి శాస్త్రగ్రంథములను దెచ్చుటకై యనువాదశాల వెలసినది. మఱుసటి యేఁడు స్థాపింపఁబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆ గ్రంథములతో నుర్దూమాధ్యమున శాస్త్రములను బోధించినది. 1958లో నదే నగరమున, బ్రిటిష్ కౌన్సిలు, ఫోర్డ్ ఫౌండేషనుల సాయముతో, ఆంగ్లోపాధ్యాయుల శిక్షణకై కేంద్ర ఆంగ్లభాషాసంస్థ నెలకొల్పఁబడినది. అదియే 2007లో ఆంగ్ల, విదేశీభాషల కేంద్రవిశ్వవిద్యాలయ మైనది. ఒకటి పరభాషాశాస్త్రమును దేశభాషకుఁ దెచ్చిన చోటు. రెండవది దేశీయులకుఁ బరభాషను నేర్పు చోటు. ఇవి యిరుగుపొరుగున నేర్పడినవి. అయితే రెండు పనులును భిన్నకాలములందు, భిన్నోద్దేశములతో జరిగినవి. ఆంగ్లరచన నేర్పుటయు ననువాదమును నేర్పుటయు నొక్క పనికి రెండు చేతులని గెంటు, విస్కాన్సిన్ విద్యార్థులు చూపియున్నారు.

కావున నిట సిద్ధాంత మిది. దేశాంతరవిద్యాపీఠముల సాహచర్యము గ్రాహ్యమే. అది మూఁడు నియమములకు లోఁబడియుండవలెను. ఆంగ్లవ్యాసరచనలోని రీతులను సార్వత్రికలక్షణములుగాఁ గాక, యొకానొక చదువరిసమాజముయొక్క సమయములుగా బోధింపవలెను. సమయమని తెలిసి నేర్చినవాఁడు దానిని వినియోగించుకొనును, స్వభావమని నమ్మి నేర్చినవాఁడు దానికి దాసుఁడగును. రెండవది, రచన లిరువైపుల నుండియుఁ బ్రయాణింపవలెను. తెలుఁగున వ్రాసిన శాస్త్రవ్యాసమును ఆంగ్లమునకుఁ దెచ్చునపుడు పుట్టిన ప్రశ్నలు తెలుఁగు రచయితకు, ఆంగ్లవ్యాసమును దెలుఁగునకుఁ దెచ్చునపుడు పుట్టిన ప్రశ్నలు ఆంగ్లరచయితకు మరలఁ జేరవలెను. మూఁడవది, దిద్దువాఁడు తాను దిద్దినది శబ్దమో యర్థమో తెలిపి దిద్దవలెను.

ఇందు మొదటి మెట్టునకు విశ్వవిద్యాలయములు సమ్మతించువఱకు వేచియుండఁ బనిలేదు. ఉన్నతపాఠశాలలోని తెలుఁగు పండితుఁడును ఆంగ్లోపాధ్యాయుఁడును గలిసి, యొక శిష్యుఁడు వ్రాసిన పుటను మఱియొక శిష్యునిచే రెండవ భాషలోనికిఁ ద్రిప్పించి, పుట్టిన ప్రశ్నలను నల్లబల్లమీఁద వ్రాసినచో నా గంటలోనే పాఠము సిద్ధించును. తన వాక్యము చుట్టుతిరిగినది తన భాష చుట్టుతిరుగునది యగుటవలనఁ గాదనియు, చదువరి యెంతదూరమున నున్నాఁడో తాను దలంపకపోవుటవలననే యనియు నా బాలుఁడు తెలిసికొనును. అది తెలిసినవాఁడు ఏ భాషలోనైనను సందేహములేక వ్రాయఁగలఁడు.